కూర్చుని లేచి వెళ్ళిన డైనోసార్

లాస్ వేగస్ నుంచి ఐ-15 హైవే పట్టుకుని ఈశాన్యంగా వెళ్తే రెండు గంటల్లో సెయింట్ జార్జ్ చేరతాం. నెవాడాలో బయల్దేరి, అరిజోనాని ఒక మూల తాకి, యూటాలో దిగుతాం. ఆ అరిజోనా ముక్క యాభై కిలోమీటర్లు కూడా ఉండదు గానీ దారి మొత్తానికి చూడాల్సింది అదే. వర్జిన్ నది కోసిన ఇరుకు లోయలో, రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడల మధ్య రోడ్డు మెలికలు తిరుగుతుంది. మార్చి చివర్లో వెళ్ళాం కాబట్టి ఎడారి కూడా కాస్త ముస్తాబై ఉంది. రోడ్డు పక్కన బ్రిటిల్‌బుష్ పొదల నిండా పసుప్పచ్చ పూలు, అక్కడక్కడ జాషువా చెట్ల కొసల్లో తెల్లటి గుత్తులు. యూటాలో అడుగుపెట్టగానే ఫోన్లో గడియారం గంట ముందుకు దూకింది. ‘‘అప్పుడే పన్నెండా! ఎక్కడ తింటాం, ఎప్పుడు చేరతాం’’ అని అక్క కంగారు.

ఆ దారిన పోయే కార్లలో చాలా భాగం జయన్ నేషనల్ పార్కుకే. మేం కూడా అక్కడికే. పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్ సెలవులు. మధ్యలో డైనోసార్ మ్యూజియం ఒకటుందని మేనల్లుడు వారం రోజులుగా పట్టుబట్టి కూర్చున్నాడు. ‘‘చిన్నదిరా అది. పెద్ద పెద్ద అస్థిపంజరాలేం ఉండవు, అన్నీ అడుగులేనట’’ అని బావ ముందే నీరుగార్చాడు. చివరికి ‘ఓ అరగంట చూసి బయటపడదాం’ అన్న ఒప్పందం కుదిరింది. ఆ అరగంట సాయంత్రం దాకా సాగి, జయన్ మర్నాటికి వాయిదా పడింది.

సెయింట్ జార్జ్ డైనోసార్ డిస్కవరీ సైట్ ఎట్ జాన్సన్ ఫార్మ్ అని దాని పూర్తి పేరు. పేరు పొడుగే గానీ మ్యూజియం చిన్నదే. బయటి నుంచి చూస్తే ఏమంత అనిపించదు. లోపలికి వెళ్ళాక సంగతి తెలుస్తుంది: వేరే చోట తవ్వి తెచ్చి ఇక్కడ పేర్చినవి కావు. రాళ్ళు ఎక్కడ బయటపడ్డాయో అక్కడే వాటి చుట్టూ గోడలు కట్టి, పైన కప్పేశారు. నడిచే దారికి పక్కనే, ఒకప్పుడు చెరువుగట్టు బురదగా ఉన్న నేల, ఇప్పుడు రాయై పరుచుకుని ఉంటుంది.

దొరికిన కథ కూడా ముచ్చటగా ఉంటుంది. 2000 ఫిబ్రవరి 26న షెల్డన్ జాన్సన్ అనే రిటైరైన కళ్ళజోళ్ళ డాక్టరు తన స్థలాన్ని యంత్రంతో చదును చేసుకుంటున్నాడు. అడ్డొచ్చిన ఒక మందపాటి ఇసుకరాతి పలకను తిరగేశాడు. అడుగువైపున మూడు వేళ్ళ పాదం, గోళ్ళతో సహా, ఉబ్బెత్తుగా కనిపించింది. ఇంకో పలక తిరగేస్తే ఇంకొన్ని. చదును చేసే పని అంతటితో ఆగిపోయింది. జాన్సన్ దంపతులు ఆ అడుగుల్ని దానంగా ఇచ్చేశారు, 2005లో మ్యూజియం తెరిచారు.

అడుగంటే గుంట పడాలి కదా, ఇవి ఉబ్బెత్తుగా ఎందుకున్నాయి? మేనకోడలు వచ్చీరాగానే వేసిన ప్రశ్న ఇదే. అక్కడ వలంటీరుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ జవాబు చెప్పకుండా దాన్నో పెద్ద రాతి దగ్గరికి తీసుకెళ్ళి, ‘‘అడుగు చుట్టూ ఇంకేం కనిపిస్తున్నాయో చూసి చెప్పు’’ అంది. నేనూ వంగి చూశాను. పాదం చుట్టూ రాతి మీద వేలెడు వెడల్పు గట్లు, ఒకదానితో ఒకటి కలిసి, అయిదారు మూలల గళ్ళుగా అల్లుకుని ఉన్నాయి. ఎండిన చెరువు నేల నెర్రెలు బారితే వచ్చే గళ్ళే అవి. కాకపోతే నెర్రె లోపలికి ఉండాలి, ఇక్కడ పైకి లేచి ఉంది. అక్కడే చిక్కుముడి విడిపోయింది. బురదలో జంతువు నడిచింది. ఎండకు బురద గట్టిపడి నెర్రెలిచ్చింది. తర్వాత ఇసుక కొట్టుకొచ్చి ఆ గుంటల్నీ నెర్రెల్నీ నింపేసింది. కోట్ల ఏళ్ళలో ఇసుక గట్టి రాయైంది, కింది బురద మెత్తటి రాయిగానే మిగిలి రాలిపోయింది. మనం చూస్తున్నది అడుగు లోపలికి దిగిన ఇసుకని, కింది నుంచి. ఆవిడ ఒక్క ముక్క చెప్పకుండా ఇదంతా పిల్లదాని చేతే చెప్పించింది. నాకు ఆ మ్యూజియం మీద గౌరవం మొదలైంది అక్కడే.

ఈ రాళ్ళ వయసు దాదాపు 19 కోట్ల 80 లక్షల ఏళ్ళు. అంటే జురాసిక్ యుగం అప్పుడప్పుడే మొదలైంది. అంతకు ముప్పై లక్షల ఏళ్ళ ముందే ట్రయాసిక్ యుగాన్ని ముగించిన మహా వినాశనం జరిగి, మొసలి జాతికి దగ్గరి చుట్టాలైన పెద్ద జంతువులు చాలా మటుకు తుడిచిపెట్టుకుపోయాయి. ఖాళీ అయిన చోటుని డైనోసార్లు ఆక్రమిస్తున్న రోజులు. ఈ ఎడారి స్థానంలో అప్పుడు పెద్ద సరస్సు ఉండేది. దానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు లేక్ డిక్సీ. మెరిసే మందపాటి పొలుసుల సెమియోనోటస్ చేపలు అందులో తిరిగేవి, అవీ ఇక్కడ రాళ్ళలో దొరికాయి.

అడుగుల్లో రెండు రకాలు ఎక్కువ. చిన్నవి గ్రాలేటర్, పెద్దవి యూబ్రాంటిస్. ఇవి అడుగులకు పెట్టిన పేర్లే, జంతువులవి కావు. ఫలానా డైనోసార్ ఇక్కడ నడిచిందని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, ఎందుకంటే అడుగు చివర ఆ జంతువు చచ్చిపడి ఉంటే తప్ప రుజువు దొరకదు. యూబ్రాంటిస్ వేసింది డైలోఫోసారస్‌లాంటి మాంసాహారి అయ్యుంటుందని మాత్రం అంటారు. మేనల్లుడికి ఈ ‘లాంటి’ అస్సలు నచ్చలేదు. వాడికి పేరు కావాలి. ఆ పెద్దావిడ నవ్వి ఊరుకుంది.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ మ్యూజియంలో ఒక్కటే చూసే వీలుంటే, కూర్చున్న డైనోసార్ గుర్తు చూడండి. చూడగానే ఏమీ అర్థం కాదు, రాయంతా గజిబిజి గీతలే. పక్కనున్న బొమ్మతో పోల్చుకుంటూ నిదానంగా చూస్తే ఒక్కొక్కటే తేలుతుంది. కాస్త వాలుగా ఉన్న గట్టు మీదికి జంతువు నడుచుకుంటూ వచ్చింది. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చతికిలబడింది. మడమల భాగం, పిరుదుల కింది భాగం నేలకానిన అచ్చులున్నాయి. ముందు రెండు చేతుల గుర్తులు. కొంచెం ముందుకు జరిగి మళ్ళీ సర్దుకుని కూర్చుంది, ఆ రెండో అచ్చూ ఉంది. తర్వాత ఎడమ కాలు ముందుకేసి లేచి వెళ్ళిపోయింది. వెళ్తున్నప్పుడు తోక అక్కడక్కడ నేలను రాసుకున్న సన్నటి గీత కూడా మిగిలింది.

ఆ చేతుల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. అరచేతులు నేలకి ఆనలేదు. చేతుల అంచులు ఆనాయి. అంటే అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా, మనం చప్పట్లు కొట్టబోయేటప్పుడు ఉండేలా ఉన్నాయన్నమాట. సినిమాల్లో మాంసాహార డైనోసార్లన్నీ అరచేతులు కిందికి వేలాడేసుకుని తిరుగుతాయి కదా, అది తప్పని ఎముకల కీళ్ళు చూసి శాస్త్రవేత్తలు ముందే అనుమానించారు. ఈ రాయి సాక్ష్యం చెప్పింది. 2009లో ప్రచురించిన పరిశోధన పత్రంలో దీన్ని వివరించారు: పక్షుల్లో కనిపించే ఈ కూర్చునే తీరు, చేతుల అమరిక మాంసాహార డైనోసార్లలో ఇంత తొలినాళ్ళలోనే ఉందని. కోడి కాళ్ళు మడిచి నేల మీద కూర్చునే తీరు గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. ఎముకలు ఎన్ని పేర్చి నిలబెట్టినా ఆ జంతువు ఒక పూట అలసిపోయి కూర్చుందన్న సంగతి చెప్పలేవు.

ఈత కొట్టిన గుర్తులు కూడా ఇక్కడ విస్తారంగా ఉన్నాయి, ఇంత బాగా నిలిచినవి అరుదు. మూడేసి సమాంతర గీతలు, అరికాలు లేదు, మడమ లేదు. నీళ్ళలో తేలుతూ కాళ్ళు ఆడిస్తుంటే గోళ్ళ కొసలు అడుగున ఉన్న బురదను గీరిన గీతలవి. బావ వీటిని చూసి ‘‘రాతి మీద గోకుడు, దీనికింత హడావుడా’’ అన్నాడు. ఆయన్ని మార్చడం నా వల్ల కాదని వదిలేశాను.

సెలవుల వారం కావడంతో పిల్లలు బాగా ఉన్నారు. ఒక మూల రంగులేసుకునే కాగితాలు, ఇసుకలో బ్రష్షుతో తవ్వుకునే తొట్టి. నిజం చెప్పాలంటే వీటిని నేను కాలక్షేపం కిందే లెక్కేస్తాను. ఇసుకలో ప్లాస్టిక్ ఎముక దొరికితే పిల్లలకి సంబరమే గానీ తెలిసేదేమీ ఉండదు. పనికొచ్చింది ఇంకో మూలనుంది. నేల మీద పొడవాటి కాగితం పరిచి, దాని మీద ఒక డైనోసార్ నడిచిన అడుగుల వరసను అసలు కొలతల్లో గీశారు. పిల్లల చేతికి టేపు, పెన్సిలు. ‘ఇది నడిచిందా, పరిగెత్తిందా?’ అన్నది ప్రశ్న.

పద్ధతి తేలికే. పాదం పొడవును నాలుగుతో హెచ్చిస్తే తుంటి ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది. తర్వాత ఒకే కాలు వరసగా రెండుసార్లు పడ్డ చోట్ల మధ్య దూరం, అంటే అంగ, కొలవాలి. ఆ దూరాన్ని తుంటి ఎత్తుతో భాగిస్తే రెండు కంటే తక్కువ వస్తే నడక, 2.9 దాటితే పరుగు, మధ్యలో ఉంటే గబగబా పోయే నడక. మా వాడి లెక్కలో పాదం 35 సెంటీమీటర్లు, తుంటి 140, అంగ 220. భాగిస్తే ఒకటిన్నర పైచిలుకు. ‘‘నడకే!’’ అని అరిచాడు, కొంచెం నిరాశగానే. 1976లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్ బతికున్న జంతువుల్నీ మనుషుల్నీ గమనించి కట్టిన సూత్రంలో ఇవే అంకెలు వేస్తే వేగం గంటకు ఏడు కిలోమీటర్ల చిల్లర వస్తుంది. మనం హడావుడిగా బస్సు కోసం నడిచేంత. ఆ తర్వాత పిల్లలు తమ అంగలే కొలుచుకోవడం మొదలెట్టారు. ఎవరు నడిచారు, ఎవరు పరిగెత్తారు అని వాదనలు. పేరు కావాలని గొడవ చేసినవాడు ఆ కాసేపు పేరు సంగతే మర్చిపోయాడు.

గ్రాలేటర్, యూబ్రాంటిస్ అనే పేర్లు పెట్టింది అమెరికా రెండో కొసన, అమ్హర్స్ట్ కాలేజీలో పనిచేసిన ఎడ్వర్డ్ హిచ్‌కాక్. 1830ల్లో ఆయన కనెక్టికట్ నది లోయలో దొరికిన ఇలాంటి అడుగుల్ని ఏళ్ళ తరబడి పోగుచేసి, ఇవి పెద్ద పెద్ద పక్షులవని తేల్చాడు. డైనోసార్ అనే మాటను రిచర్డ్ ఓవెన్ పుట్టించింది 1842లో, కాబట్టి మొదట్లో ఆయనకి ఇంకో దారి లేదు. తర్వాత కూడా, 1864లో పోయేదాకా, పక్షుల మాట వదల్లేదు. చాలాకాలం దీన్ని పొరపాటుగానే చెప్పుకున్నారు. ఇప్పుడు పక్షులే డైనోసార్ల వంశమని తేలింది గనక, కూర్చున్న ఆ గుర్తు ముందు నిలబడితే ఆ పెద్దాయన మరీ అంత దూరం పోలేదనిపిస్తుంది.

మీరు వెళ్ళేట్టయితే మార్చి, ఏప్రిల్ మంచి కాలం. ఎండాకాలంలో ఆ ఊళ్ళో నలభై డిగ్రీలు దాటడం మామూలే. పిల్లల్ని తీసుకెళ్తే రాళ్ళన్నీ గబగబా చూపించేయకండి. ఒక్క పలక దగ్గర పావుగంట కూర్చోబెట్టి, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని అడగండి. ఇంకా ఓపికుంటే ఊరికి ఆగ్నేయంగా వార్నర్ వ్యాలీలో ఆరుబయట కూడా డైనోసార్ అడుగులున్నాయి. మట్టిరోడ్డు, వాన పడితే అటు పోకపోవడమే మేలు. అక్కడ కప్పు లేదు, కాపలా లేదు కాబట్టి అచ్చు తీద్దామని ప్లాస్టర్ పోయడంలాంటివి చేయొద్దు, అడుగు పాడైపోతుంది. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో వెళ్ళండి. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు గుంటల్లో నీడ ఉండదు, కాళ్ళ ముందున్న అడుగు కూడా ఆనదు.