పాత సామానుతో ట్రాక్టరుకు ముందు చక్రాల పట్టు

మా పొలం ఉప్పుటేరు వైపు పోయే ఒక మురుగు కాలువ పక్కన ఉంది. ఆరెకరాలు సొంతం, దాన్ని ఆనుకుని పదెకరాలు కౌలు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచీ ఈ నేలకు నీళ్ళ కరువు లేదని మా తాతగారు గొప్పగా చెప్పేవారు. వచ్చిన నీళ్ళు బయటికి పోవని మాత్రం చెప్పలేదు. ఈశాన్యం మూల ఎకరన్నర బాడవ, అంటే పల్లపు నేల. నాట్లకు ముందు మడిని బురదగా దున్నే దమ్ములో, అది సార్వాది (తొలకరి వరి) అయినా, దాళ్వాది (రెండో పంట) అయినా, ట్రాక్టరు అక్కడ ఒకసారి దిగబడాల్సిందే. ఇక దాన్ని తీయడానికి మరో ట్రాక్టరు, ఒక ఇనుప గొలుసు, గట్టు మీద నిలబడి సలహాలిచ్చే పది మంది.

మాది 45 హార్స్ పవర్ టూ వీల్ బండి, అంటే ఇంజను వెనక రెండు చక్రాలనే తిప్పుతుంది. ఇంజనుకు శక్తి చాలక కాదు దిగబడేది. వెనక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలు ఊరికే నెట్టించుకుంటాయి. గట్టి నేల మీద పరవాలేదు. బురదలో అవి ముక్కుతో దున్నుకుంటూ పోతాయి, వెనక చక్రాలు వాటి బరువు కూడా మోయాలి. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే కొత్త ఫోర్ వీల్ బండి కొనే స్తోమత లేదు. అయితే మా మోడలులోనే కంపెనీ ఫోర్ వీల్ బండి కూడా చేస్తుంది. దాని సామాను పాతది దొరికితే మన బండికి బిగించవచ్చు కదా అనే ఆలోచన అలా పుట్టింది.

కాగితాల సంగతి ముందే చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని చివర్లో గుర్తు చేసుకుంటారు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ కంపెనీ ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. మా ట్రాక్టరు షెడ్డు పొలంలోనే ఉంది. మార్చిన తరువాత బండిని గట్టు దాటించకూడదని నిర్ణయించుకున్నాను. ధాన్యం ట్రక్కు రోడ్డెక్కాలంటే మా బావ ట్రాక్టరు అడుగుతాను. ట్రాక్టరుతో రోడ్డు మీద కిరాయి పని చేసేవాళ్ళు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేయగానే మా మెకానిక్ బాబాయిని వెంటబెట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. మొదటి దుకాణంలో చవగ్గా ఒక ముందు ఆక్సిల్ (ఇరుసు) చూపించారు. వేరే మోడలుది, కానీ చూడటానికి అచ్చం మనకు కావలసినట్టే ఉంది. నేను డబ్బు తీయబోయాను. బాబాయి వంగి, ఆక్సిల్ లోపలి గేర్లను తిప్పే పినియన్ షాఫ్టును చేత్తో తిప్పి, చక్రం ఎటు తిరుగుతోందో చూశాడు.

"బాబూ, దీని క్రౌను, అదే లోపలి పెద్ద పళ్ళ చక్రం, అవతలి పక్కన ఉంది. మన బండికి బిగిస్తే వెనక చక్రాలు ముందుకు పోతాయి, ముందు చక్రాలు వెనక్కి వస్తాయి" అన్నాడు.

దుకాణదారు కూడా నవ్వేశాడు. ఆ రోజంతా తిరిగి, సాయంత్రానికి మా మోడలు ఫోర్ వీల్ బండినే విప్పిన చోటు పట్టుకున్నాం. ఇంజను పాడై తుక్కుకు వచ్చిన బండి అది. ఆక్సిల్, దాన్ని మోసే ముందు సపోర్టు, ముందు చక్రాలకు శక్తి పంపడానికి గేరు పెట్టె కింద బిగించే డ్రాప్ బాక్సు, మధ్య షాఫ్టు, దాని మీద గొట్టం, లీవరు, స్టీరింగ్ సిలిండరు, రిమ్ములతో సహా రెండు 8.00-18 టైర్లు. అన్నీ ఒకే బండివి కావాలన్నది బాబాయి పట్టుదల. ఒక్కొక్కటి ఒక్కో చోట ఏరితే పళ్ళ లెక్క తప్పుతుందని ఆయన భయం.

బేరానికి ముందు ఆక్సిల్ కింది బిరడా విప్పి చూశాం. దమ్ము చేసిన బండికి మొదట పోయేది చక్రాల దగ్గరి సీళ్ళు. అవి పోతే బురద నీళ్ళు లోపలికి చేరి ఆయిలులో కలుస్తాయి. ధారగా వచ్చింది ఆయిలు కాదు, పాలు ఎక్కువైన టీ. బాబాయి దాన్ని వేళ్ళ మధ్య రుద్ది, ఎండలో పట్టి చూశాడు. ఇనుప రజను మెరవలేదు. అంటే పళ్ళు బాగున్నాయి, బేరింగులు మాత్రం తుప్పు పట్టి ఉంటాయి. ఆ టీ రంగు చూపించే ధర తగ్గించాం. మొత్తం సామాను 95 వేలకు తెగింది.

తరువాతి మూడు వారాలు షెడ్డులో పని. బేరింగులు, సీళ్ళు అన్నీ కొత్తవి వేశాం, 11 వేలు. పాత ముందు ఆక్సిల్ దించడం పూటలో అయిపోయింది. కష్టమంతా వెనక. గేరు పెట్టె అడుగున టూ వీల్ బండికి ఒక మూత పలక ఉంటుంది. అది తీసి డ్రాప్ బాక్సు బిగిస్తే చాలనుకున్నాను. మూత తీసి టార్చి వేస్తే, డ్రాప్ బాక్సుకు శక్తి అందించాల్సిన గేరు ఉండే చోట ఒక ఉత్త ఇనుప కడియం కనిపించింది. కంపెనీ ఆ చోటు ఖాళీగా వదలకుండా కడియంతో నింపింది. ఆ కడియం తీసి గేరు ఎక్కించాలంటే ట్రాక్టరును నడుముకు విరిచి రెండు ముక్కలు చేయాలి. కనీసం షాఫ్టు మీద గేరు పట్టే గాట్లు ఉన్నాయి, అదృష్టం. అవి లేని మోడళ్ళలో షాఫ్టే మార్చాలి.

రెండు ముక్కలుగా నిలబడ్డ ట్రాక్టరును చూసి మా ఆవిడ షెడ్డు వైపు రావడం మానేసింది. అసలు గేరు తుక్కు బండి గేరు పెట్టెలోనే ఉండిపోయింది. మళ్ళీ విజయవాడ, మళ్ళీ బేరం. దుకాణదారు జాలిపడి పాత లెక్కలోనే ఇచ్చాడు. మధ్య షాఫ్టు కప్లింగు గాట్లు అరిగిపోతే తణుకులో లేతు మీద కొత్తది చేయించాను, 6,500. పవర్ స్టీరింగు మాకు ముందే ఉండటం వల్ల గొట్టాలు మార్చుకుంటే సరిపోయింది.

మే చివరి వారంలో బండి నాలుగు కాళ్ళ మీద నిలబడింది. షెడ్డు పక్కనే సిమెంటు కళ్ళం. ఫోర్ వీల్ లీవరు వేసి, ఖాళీ బండితో మూడు చుట్లు తిప్పాను. ముందు చక్రాలు తిరుగుతున్నాయి, సరైన వైపే. ఆపి లీవరు తీయబోతే రాలేదు. కాలితో తన్నినా రాలేదు. బాబాయి బండెక్కి, రివర్సులో అడుగు దూరం వెనక్కి తీసుకున్నాడు. టక్కుమని లీవరు దానంతట అదే ఊడింది. కళ్ళం మీద నల్లటి టైరు చారలు.

ఆయన ఏమీ అనలేదు. నేనే డ్రాప్ బాక్సులో తప్పుందని పట్టుబట్టి, రెండు రోజులు అది మళ్ళీ విప్పించి బిగించాను. ఏ తప్పూ లేదు. నిజానికి గట్టి నేల మీద ఫోర్ వీల్ వేస్తే ఏ బండికైనా ముందు వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి, లీవరు బిగుసుకుంటుంది. ఆ సంగతి తెలియని నేను లేని రోగానికి మందు వెతికాను. కానీ ఉన్న రోగం వేరే ఉంది. అది బోదె (పొలంలోని చిన్న కాలువ) పక్కన చెమ్మ నేలలో బయటపడింది. అక్కడ ఖాళీ బండిని తిన్నగా నడిపి దిగి, అచ్చులు చూశాను. వెనక టైరు గుబ్బలు మట్టిని వెనక్కి తోశాయి, సహజమే. ముందు టైరు అచ్చుల్లో మాత్రం మట్టి ముందుకు రాసుకుపోయి ఉంది. అంటే అవి లాగడం లేదు, బ్రేకు వేసినట్టు ఈడ్చుకుపోతున్నాయి.

అప్పుడు లెక్కకు కూర్చున్నాం. నాలుగు చక్రాలనూ జాకీల మీద లేపి, వెనక రెండు చక్రాలూ సమానంగా తిరిగేలా డిఫరెన్షియల్ లాకు నొక్కి పట్టి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని ఇద్దరం కలిసి పది చుట్లు తిప్పాం. ముందు చక్రాలకు సుద్దముక్కతో గీతలు పెట్టాం. ఎడమది 18.9 చుట్లు, కుడిది 11.5 తిరిగాయి. ముందు లాకు లేదు కాబట్టి రెండూ సమానంగా తిరగవు. కలిపి సగం చేస్తే 15.2. అంటే వెనక చక్రం ఒక చుట్టుకు ముందుది 1.52 చుట్లు. తరువాత బండి దించి, లీవరు తీసి, కళ్ళం మీద ఒక్కో చక్రం పది చుట్లకు ఎంత దూరం పోతుందో టేపుతో కొలిచాం. వెనక 13.6-28 టైర్లు నిరుడే వేసినవి, 39.5 మీటర్లు. తుక్కు బండితో వచ్చిన ముందు టైర్లు 25.5 మీటర్లు. 25.5ను 1.52తో గుణిస్తే 38.76. వెనక చక్రం 39.5 మీటర్లు పోయేలోపు ముందు చక్రం పోగలిగేది అంతే. దాదాపు రెండు శాతం వెనకబడింది.

ఫోర్ వీల్ బండిలో ముందు చక్రాలు ఒకటి నుంచి అయిదు శాతం వరకు ముందంజలో ఉండాలి. అప్పుడే అవి లాగుతాయి. గేర్లూ పళ్ళూ అన్నీ కంపెనీవే, ఒకే బండివే. అయినా అరిగిన టైర్ల వల్ల లెక్క తిరగబడింది. టైరు ఒకటిన్నర సెంటీమీటరు అరిగితే చుట్టుకొలత తొమ్మిది సెంటీమీటర్లు పైగా తగ్గుతుంది.

"బురదలో వెనక చక్రాలు ఎలాగూ జారతాయి, ఈ తేడా అక్కడ తెలియదు. అలాగే కానివ్వండి" అన్నాడు బాబాయి. నిజమే. కానీ వేసవి దుక్కిలోనూ నాకు బండి కావాలి. పైగా లెక్క తెలిశాక నిద్ర పట్టలేదు. 19 వేలు పెట్టి కొత్త టైర్లు వేశాను. పది చుట్లకు 26.6 మీటర్లు, గుణిస్తే 40.43. ముందంజ రెండు శాతం దాటింది. బోదె పక్కన మళ్ళీ అచ్చులు చూశాను. ఈసారి ముందు టైర్లు కూడా మట్టిని వెనక్కి తోశాయి. మెకానిక్ కూలి 18 వేలతో కలిపి మొత్తం లక్షన్నరకు అయిదు వందలు తక్కువ.

ఇదే లెక్క ఇనుప చక్రాలకూ వర్తిస్తుంది. వెనక టైర్లు తీసేసి దమ్ము చక్రాలు వేసుకుంటే వాటి చుట్టుకొలత వేరు, ముందంజ మళ్ళీ మారుతుంది. అందుకని నేను టైర్ల పక్కన బిగించే సగం చక్రాలతో సరిపెట్టుకున్నాను.

సార్వా దమ్ముకు ఈశాన్యం మూలలోకి దింపినప్పుడు గట్టు మీద సలహాదారులు ముందే చేరారు. బండి మధ్యలో ఒకసారి తడబడి, ముక్కు కిందికి వంగింది. అంతలో ముందు చక్రాలు బురదను కరిచి పైకి ఎక్కాయి. వెనక మట్టిని కలియతిప్పే రోటవేటరు ఆగలేదు. గొలుసు తెచ్చినవాడు దాన్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అన్నీ లాభాలే కావు. బండి ఇదివరకటిలా ఇరుకులో తిరగదు. మడి మూలల్లో ఒకసారి అదనంగా వెనక్కి రావాలి, మిగిలిన చెక్క పారతోనే చేయాలి. ఆ గర్వంతో ఒక రోజు మురుగు కాలువ అంచు వరకు పోనిస్తే నాలుగు చక్రాలూ ఒకేసారి దిగాయి. గొలుసు మళ్ళీ వచ్చింది, ఈసారి రెండు ట్రాక్టర్లతో.

దమ్ము అయ్యాక ఆక్సిల్ బిరడా విప్పి చూశాను. మధ్యలో ఆయిలు శుభ్రంగా ఉంది. ఎడమ చక్రం దగ్గర మాత్రం కొద్దిగా తెల్లబారింది. కొత్త సీలు తెచ్చి షెడ్డులో మేకుకు తగిలించాను. ఊడ్పులు కాగానే విప్పాలి.