పొగాకు బ్యారన్ తలుపులు: వెలుతురు లెక్కల పుస్తకం

టంగుటూరు, కొండపి పొలాల నుంచి కలిగిరి వైపు దాకా కనిపించే పాత పొగాకు బ్యారన్ల (ఆకును పొయ్యి వేడితో ఆరబెట్టే గదుల) తలుపులు, గోడల ఫొటోలు ఈ వరసలో చేరుతున్నాయి. గొడ్లచావిళ్లను వదిలి బ్యారన్లనే పట్టుకోవడానికి కారణం ఉంది. చావిడికి చాలాచోట్ల తలుపే ఉండదు. బ్యారన్ తలుపు ఒక పక్క ఎండావానా తింటే, రెండో పక్క క్యూరింగ్ (ఆకును ఆరబెట్టే) వేడి తింటుంది. లోపల వేడి 35 డిగ్రీల దగ్గర మొదలై, ఈనె ఎండే దశకు 70 దాకా పోతుంది. బయట రాత్రి మంచు. అందుకే పలకలు వంకర్లు పోయి సందులిస్తాయి. ఆ సందుల్లో కుక్కిన గోనెపట్టా, పాత గుడ్డ, మెత్తిన మట్టి, అన్నీ ఫొటోకు పనికొచ్చేవే. తలుపుకు రెండు ముఖాలూ తీయాలి. లోపలంతా మసి ఉంటుందనుకుంటారు చాలామంది. కానీ పొయ్యి పొగ గొట్టాల గుండా బయటికి పోతుంది, ఆకుకు తగలదు. లోపలి ముఖం మీద కనిపించే గోధుమరంగు మెరుపు ఆకు జిగురుది. మసి కావాలంటే పొయ్యి నోటి దగ్గరికి వెళ్లాలి.

నవంబరు

వానలు తెరిపిచ్చిన రోజులు. తడిసిన చెక్కలో రంగు చిక్కగా కనిపిస్తుంది కానీ ఆకాశపు తెల్లటి మెరుపు కూడా దాని మీదే కూర్చుంటుంది. లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే అది పోతుంది. ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు ఖర్చవుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). రంగు వేయని రేకు తలుపు మీద మాత్రం పోలరైజర్ పనిచేయదు. దానికి నిలబడే చోటు మార్చుకోవడమే దారి.

తుమ్మ పలకలైతే మేకుల చుట్టూ చూడండి. ఆ చెక్కలోని టానిన్, ఇనుము, తడి కలిసి నల్లటి మరక దిగుతుంది. తుప్పు మరక ఎర్రగా ఉంటుంది, ఇది సిరా రంగు. రెండూ పక్కపక్కన ఉన్న మేకు దొరికితే అడుగు దూరం నుంచి తీయాలి. 50 ఎం.ఎం. లెన్స్‌తో ఆ దూరంలో ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సెంటీమీటరున్నరకు మించదు. మేకు తల బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఎఫ్/11కు వెళ్లడం మంచిది.

డిసెంబరు

ఏడాదిలో అసలు పని జరిగేది ఈ నెలలోనే. వాన కడిగిన చెక్క ఆరి ఉంటుంది, పొయ్యిలింకా వెలిగి ఉండవు. క్యూరింగ్ ముందు గోడ బీటలకు మట్టి పూసి, సున్నం కొట్టారంటే అన్నేళ్ల గీతలూ ఒక్కపూటలో కప్పబడిపోతాయి. రైతును అడిగి, సున్నం కొట్టే రోజుకు ముందే వెళ్లాలి.

లెన్స్ కంటే ముందు దిక్సూచి చూడాలి. తలుపు పలకల నార నిలువుగా ఉంటుంది కాబట్టి వెలుతురు పక్కనుంచి గోడను రాసుకుంటూ రావాలి. ఇటుక వరసలు అడ్డంగా ఉంటాయి కాబట్టి వాటికి పైనుంచి పడాలి. ఒకే వేళ రెండూ బాగా రావు. ఈ నెలలో సూర్యుడు తూర్పుకు 24 డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు. అంటే దక్షిణపు తలుపు మీద ఉదయం 7 నుంచి 8 దాకా వెలుతురు ఏటవాలుగా పడి, నారలో ప్రతి గాడికీ నీడ దొరుకుతుంది. తొమ్మిదిన్నర దాటితే చదునే. తూర్పు తలుపుకు పొద్దున్నే పోతే సూర్యుడు ఎదురుగా ఉండి నీడలన్నీ తినేస్తాడు. దానికి పదకొండున్నర, పడమటి తలుపుకు పన్నెండున్నర మంచివి. ఉత్తరపు తలుపుకు సెప్టెంబరు చివర నుంచి మార్చి మూడోవారం దాకా ఎండే తగలదు.

అమరిక: ఐదడుగుల తలుపుకు ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 50 ఎం.ఎం., చిన్న సెన్సర్ మీద 35 ఎం.ఎం. లెన్స్ పెట్టి కెమెరా నిలువుగా పట్టుకుంటే దాదాపు తొమ్మిదడుగుల దూరం సరిపోతుంది. కెమెరా ఎత్తు తలుపులో సగం, అంటే రెండున్నర అడుగులు. ఫోనైతే 2ఎక్స్ జూమ్ వాడండి. మామూలు లెన్స్‌తో దగ్గరికి పోతే అంచులు సాగిపోతాయి.

తలుపు, కెమెరా సమాంతరంగా ఉన్నాయో లేదో తేల్చడానికి ఒక చిన్న అద్దం చాలు. చదునుగా ఉన్న పలక మధ్య దాన్ని ఆనించి పట్టుకుంటే, కెమెరాలో ఆ అద్దం నడుమ లెన్స్ ప్రతిబింబం కనపడాలి. పక్కకు జరిగితే కెమెరా వంకరగా ఉన్నట్టే. గడపను, ద్వారబంధాన్ని నమ్ముకుని సరిచేయకూడదు. పాత బ్యారన్లలో అవే ఒరిగిపోయి ఉంటాయి. ఆ ఒరుగు ఫొటోలో ఉండాల్సిందే. తర్వాత కంప్యూటర్లో నిటారు చేసేవాళ్లున్నారు. అది తలుపును రిపేరు చేసినట్టవుతుంది.

ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 100, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్, రా ఫైల్ (కెమెరా మార్చని ముడి ఫొటో). సున్నం గోడ ఫ్రేమంతా నిండితే కెమెరా వెలుతురు మీటర్ దాన్ని బూడిదరంగు చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను +2/3 నుంచి +1 స్టాపు దాకా పెంచాలి. పొయ్యి నోటి మసికి అంతే తగ్గించాలి. వైట్‌బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు చేసే సర్దుబాటు) ఆటోలో వద్దు. నీలం రంగు తలుపు నిండుగా ఉంటే ఆటో దాన్ని వెలిసిపోయేలా చేసి పసుపు కలుపుతుంది. ఎండలో 5200, నీడలో 7000 కెల్విన్ దగ్గర ఆపి, మొదటి ఫ్రేములో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెడితే తర్వాత గొడవ ఉండదు.

జనవరి నుంచి మార్చి

బ్యారన్ నడుస్తుంటే తలుపు జోలికి పోకూడదు. తెరిస్తే వేడి పడిపోయి ఆకు రంగు చెడుతుంది, అది రైతు డబ్బు. బయట పొయ్యి, కట్టెల కుప్పలు, పొగాకు కట్టే కర్రల పేర్పులు తీసుకోవచ్చు. పొయ్యి పక్కన వేడిగాలి వణుకుతుంది. దాని గుండా తీసిన ఇటుకలు ఎంత ఫోకస్ చేసినా మెత్తగానే వస్తాయి. ఏసీ కారులోంచి కెమెరా దింపితే సంచి మూసే ఉంచి పావుగంట ఆగండి, లేకపోతే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. పొగాకు దుమ్ములో లెన్స్ మార్చవద్దు.

మూతబడ్డ బ్యారన్లోకి వెళ్లాలంటే పైన కర్రలు వేసే దూలాలను ముందు చూడాలి. చెద తిన్న దూలం కిందినుంచి బాగానే కనిపిస్తుంది. పాములు, కందిరీగలు సరేసరి. లోపలి జిగురు ముఖానికి ఫ్లాష్ కెమెరా మీద పెడితే ఒక తెల్లమచ్చ తప్ప ఏమీ మిగలదు. ఎల్ఈడీ లైటును తలుపుకు పక్కగా, పదిహేను డిగ్రీల్లో, నాలుగడుగుల దూరంలో ఇంకొకరు పట్టుకోవాలి. ఎదుటి అంచు మరీ నల్లబడితే అటు థర్మోకోల్ అట్ట నిలబెడితే చాలు.

ఇక ముందు

ఒంగోలు దగ్గర మే మొదటివారంలో, ఆగస్టు రెండోవారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. చూరు పెద్దగా లేని బ్యారన్ గోడకు అప్పుడు వెలుతురు నిట్టనిలువుగా జారి, ప్రతి ఇటుక వరస కింద సన్నటి నీడ గీస్తుంది. గోడల పని ఆ రోజుల్లో, పన్నెండుకు అటూఇటూ పావుగంట. మిగిలిపోయిన ఉత్తరపు తలుపులు జూన్‌లో, ఉదయం 6 నుంచి 7 లోపు.