వానాకాలం బ్యాచ్: 120 బ్రాయిలర్లు, అరికాళ్ల పరీక్ష

పెరటి షెడ్డు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కోడికి 1.2 చదరపు అడుగులు. కోడి 2.2 కిలోలకు వచ్చేసరికి చదరపు మీటరుకు సుమారు 20 కిలోలు. యూరప్ నిబంధనలు మామూలుగా 33 కిలోలు, అదనపు షరతులతో 42 దాకా ఒప్పుకుంటాయి. పెరట్లో అంత కిక్కిరిసి పెంచాల్సిన పనేముంది?

బరువు, చావులు అందరూ రాసుకుంటారు. కోడి నొప్పితో ఉందో లేదో ఆ రెండు లెక్కల్లో తేలదు. అందుకే ఈసారి రిజిస్టరులో లిట్టరు (నేలపై పరిచే ఊక) తడి, అరికాలు, నడక అని మూడు గడులు ఎక్కువ.

1వ రోజు: 3 అంగుళాల మందాన ఎండు వరి ఊక. పిల్లల చుట్టూ 6 అడుగుల వలయం, 60 వాట్ల బల్బులు నాలుగు. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, అంచులకు పోయి రొప్పితే వేడి. థర్మామీటరు కన్నా ముందు పిల్లలే చెబుతాయి. మర్నాడు 20 పిల్లల మెడ కింది మేత సంచి తడిమి చూస్తే 19 నిండుగా, మెత్తగా ఉన్నాయి.

7వ రోజు: సగటు 180 గ్రాములు (వచ్చినప్పుడు 42). ఒకటి చనిపోయింది. కంట్లో లసోటా (కొక్కెర తెగులు టీకా) చుక్క. రాత్రి గంటసేపు చీకటి మొదటి వారంలోనే అలవాటు చేశాం. లేకపోతే కరెంటు పోయినప్పుడు బెదిరి ఒకదానిపై ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. రెండో వారం నుంచి 6 గంటల చీకటి.

14వ రోజు: నీళ్లలో గంబోరో (కోడిపిల్లలకు వచ్చే వైరస్ జబ్బు) టీకా. లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి. క్లోరిన్ నీళ్లు వాడకూడదు, టీకా పనిచేయదు.

21వ రోజు: నాలుగు రోజులుగా ముసురు. మూడు చోట్ల నుంచి పదేసి కోళ్లను పట్టి అరికాళ్లు తడిగుడ్డతో తుడిచి చూశాం. మచ్చ లేనివి 19, పైపైన నల్లబడినవి 8, పుండు పడినవి 3. ఆ మూడూ నీళ్ల డబ్బాల దగ్గర పట్టినవే.

గుప్పెడు ఊక పిసికితే ముద్దలా నిలిచింది. వదలగానే విడిపోవాలి. కారణాలు రెండు. బెల్ డ్రింకర్ల (గంట ఆకారపు నీళ్ల డబ్బాల) అంచు కోళ్ల వీపు కన్నా రెండు అంగుళాలు కిందికి ఉండిపోయింది, తాగేటప్పుడు నీళ్లు ఒలుకుతున్నాయి. ఇక జల్లు పడుతుందని పరదాలు పైదాకా మూసేయడంతో తేమ బయటికి పోలేదు.

తడి ఊకపై సున్నం చల్లడం మామూలు అలవాటు. కానీ సున్నం పడగానే అమ్మోనియా ఒక్కసారిగా ఎగదన్నుతుంది, కళ్లకూ ఊపిరికీ అదే చేటు. అట్టకట్టిన ఊకను పారతో ఎత్తి పారేసి ఎండు ఊక వేయడమే సరైన పని. డ్రింకర్ అంచు వీపు ఎత్తుకు లేపి, నీళ్లు అర అంగుళం లోతుకు తగ్గించాం. మూడు రోజులకోసారి ఎత్తు మార్చాల్సిందే, ఈ వయసులో కోడి అంత వేగంగా పెరుగుతుంది. పరదా పైన అడుగు సందు వదిలాం. రోజూ పొద్దున ఊక తిరగేయడం.

వాసన పరీక్ష తలుపు తీయగానే, కోడి ఎత్తుకు వంగి చేయాలి. ఐదు నిమిషాలుంటే ముక్కు అలవాటుపడిపోతుంది. కళ్లు మండాయంటే అమ్మోనియా 20 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 20) హద్దు ఎప్పుడో దాటినట్టే.

28వ రోజు: 5 అంగుళాల ఎత్తు చెక్కబల్లలు రెండు పెట్టాం. బరువు కోళ్లు సన్నటి కర్రపై నిలవలేవు, బల్ల మీదికైతే ఎక్కి పడుకుంటాయి.

35వ రోజు: మళ్లీ 30 కోళ్లు. మచ్చ లేనివి 22, నల్లబడినవి 7, పుండు 1. తర్వాత నడక: 0 అంటే మామూలు నడక, 5 అంటే లేవలేనిది. 3 నుంచి కదలడానికే ఇబ్బంది, నొప్పి ఉందనే అనుకోవాలి. స్కోరు 2 దాకా 27 కోళ్లు, స్కోరు 3 వచ్చినవి రెండు, స్కోరు 4 వచ్చినది ఒకటి. స్కోరు 4 వచ్చినదాన్ని దాణా దగ్గరికి చేరలేని స్థితిలో ఉంచడం హింస, అదే రోజు మెడ విరిచి బాధ తీర్చాం.

40వ రోజు: పట్టడానికి 7 గంటల ముందు దాణా తీసేశాం, నీళ్లు చివరిదాకా. మసక వెలుతురులో రెండు చేతులతో రెక్కలు మూసి ఒక్కోదాన్ని ఎత్తి, క్రేటుకు పది. కాళ్లు పట్టి తలకిందులుగా మోయలేదు. కోడికి ఉదరవితానం (ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండర పొర) లేదు, లోపలి అవయవాల బరువంతా గాలి సంచులపై పడుతుంది. గంటన్నర పట్టింది, రెక్క విరిగినది ఒక్కటీ లేదు.

వచ్చే బ్యాచ్‌కు అరికాళ్ల తనిఖీ 14వ రోజు నుంచే. డ్రింకర్ల కింద ఇటుకలపై జాలీ పళ్లేలు.