ఇవాళ జడ్-వ్యాడ్ కలిపాం

పొద్దున గుంటూరు చుట్టుగుంట మీదుగా వస్తుంటే మాస్కు కట్టుకున్నా దగ్గు ఆగలేదు, మిర్చి సీజన్ అంటే ఇంతే. ల్యాబ్‌కొచ్చేసరికి కొరియర్ పెట్టె గేటు దగ్గర ఎండలో పడి ఉంది, లోపల జెల్ ప్యాక్‌లు నీళ్ళయిపోయాయి. మా జూనియర్ మొహం మాడిపోయింది. ఒక్క మిల్లీగ్రాము జడ్-వ్యాడ్-ఎఫ్ఎంకే, అంటే సెల్ తనంతట తాను చచ్చిపోయేటప్పుడు పనిచేసే కాస్పేజ్ అనే ఎంజైమ్‌లను ఆపే మందు, దాని బిల్లు పాసవ్వడానికి ఎన్ని సంతకాలకు తిరిగాడో వాడికే తెలుసు. పొడిగా ఉన్నంతవరకు ఒకట్రెండు రోజులకు ఏం కాదులేరా, తేమ తగలనివ్వకు, అసలు టెన్షనంతా కలిపాకే అన్నాను.

కలుపుదామని చూస్తే దాన్ని కరిగించే ద్రవం డీఎంఎస్‌ఓ సీసాలో గడ్డకట్టి ఉంది. "అక్కా, పాడైపోయిందా?" పాడవ్వలేదు, అది 18.5 డిగ్రీలకే గడ్డకడుతుంది, మావాళ్ళేమో ఆ గదిలో ఏసీ 17 మీద పెట్టి వదిలేస్తారు. గుంటూరు ఎండలకు సీసాని కాసేపు వరండాలో పెడితే చాలు. 214 మైక్రోలీటర్లు పోస్తే 10 మిల్లీమోలార్ స్టాక్. చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 20లో పెట్టించాను, మాటిమాటికీ కరిగించి గడ్డకట్టించే పని లేకుండా.

జడ్-వ్యాడ్‌లో ఉన్న అమైనో ఆమ్లాలు వాలీన్, అలనీన్, అస్పార్టిక్ ఆమ్లం, మూడే. కాస్పేజ్‌లు ప్రోటీన్‌ని అస్పార్టిక్ ఆమ్లం పక్కనే కోస్తాయి కాబట్టి ఇది వాటికి గాలానికి గుచ్చిన ఎర లాంటిది, పట్టుకున్నాక చివరనున్న ఫ్లోరోమిథైల్ కీటోన్ (ఎఫ్ఎంకే) ఎంజైమ్‌లోని సిస్టీన్‌కి అతుక్కుని ఇక వదలదు. ల్యాబ్‌లో పెంచే హీలా క్యాన్సర్ సెల్స్‌కి మిల్లీలీటరు మీడియాకి 2 మైక్రోలీటర్లు, అంటే 20 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.2 శాతం. పోలిక కోసం ఉంచే కంట్రోల్ వెల్‌కి కూడా ఉత్త డీఎంఎస్‌ఓ అంతే వేయాలి, ఇది మాత్రం వాడికి చెప్పక్కర్లేకపోయింది. గంటాగి సెల్స్‌ని చావువైపు నెట్టే స్టారోస్పోరిన్.

సాయంత్రం మైక్రోస్కోప్ కింద చూస్తే ఉత్త స్టారోస్పోరిన్ వెల్‌లో సెల్స్ బుడగలు బుడగలుగా ఉబ్బి ఊడిపోతున్నాయి, జడ్-వ్యాడ్ వేసిన దాంట్లో బుడగల్లేవు. "కాస్పేజ్ వల్లే అని తేలిపోయిందక్కా!" అని ఒకటే గంతులు.

నాకిక్కడే చిరాకు. బుడగల్లేవు సరే, ఆ సెల్స్ ఆరోగ్యంగా ఉన్నాయా? సన్నగా సాగి, కొమ్మలు కొమ్మలుగా అయిపోయాయి. మైటోకాండ్రియా దగ్గరే దెబ్బ తగిలి ఉంటే కాస్పేజ్‌ని ఆపినంత మాత్రాన సెల్ బతకదు, కాస్త ఆలస్యంగా పోతుంది. పైగా ఇది కాస్పేజ్‌లనే కాదు, కేథెప్సిన్‌లు, కాల్పెయిన్‌లు అనే వేరే ప్రోటీన్ కోసే ఎంజైమ్‌లనూ పట్టుకుంటుంది. నెగటివ్ కంట్రోల్ అని జడ్-ఎఫ్ఏ-ఎఫ్ఎంకే అమ్ముతారు గానీ అదే కేథెప్సిన్ బి, ఎల్‌లను ఆపుతుంది, మరి దాన్ని కంట్రోల్ అని ఎలా అంటారో! ట్యూబు మీద లేబుల్ చూసి పేపర్లో ముగింపులు రాసేస్తారు చాలామంది, అదే నాకు నచ్చదు.

కాస్పేజ్‌లు కోసే పార్ప్ అనే ప్రోటీన్‌కి బ్లాట్ వేసి 116 కిలోడాల్టన్ల బ్యాండ్ 89కి తెగిందో లేదో చూడమన్నాను, ప్లేటుని కూడా 24 గంటల దాకా ఉంచమన్నాను. కాస్పేజ్‌లను ఆపే ఇంకో మందు క్యూ-వీడీ-ఓపీహెచ్ అయితే తక్కువ డోసు చాలు, ఎఫ్ఎంకేలా లోపల ఫ్లోరోఎసిటేట్‌గా మారి సెల్స్‌ని ఇబ్బంది పెట్టదు. కొటేషన్ తెప్పించాం, జడ్-వ్యాడ్ కంటే ఎక్కువే. సార్ సంతకం వాడే పెట్టించుకుంటానన్నాడు, నన్ను మాత్రం తోడు రమ్మంటున్నాడు.