ఆ ఒక్క లైన్ నేను వేయనివ్వలేదు

2025 మే మొదటి వారం. మధ్యాహ్నం మూడైనా నల్లగొండ గడియారం సెంటర్‌లో మనిషి కనపడనంత ఎండ. షాపులో కూలర్ ముందు కూర్చుని ప్రింటర్ రోలర్ తుడుస్తుంటే మా అక్క కొడుకు కాలీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"మామా, కాలీ అప్‌డేట్ అయితలేదు. మా గ్రూపులో ఒకాయన ఒక లైన్ పెట్టిండు. అది వేస్తే అయిపోతదంట. వేయనా?"

ఏ లైన్ రా అని చూశాను. సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి దించుకోవాలో రాసి ఉండే సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైల్ తెరిచి, 'డెబ్' అన్న మాట పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో 'ట్రస్టెడ్ ఈక్వల్ టు యెస్' అని రాయమన్నాడు ఆయన. అది రాస్తే ఎర్రర్ పోయే మాట నిజమే. కానీ దాని అర్థం, ఇక సాఫ్ట్‌వేర్ మీద కాలీ వాళ్ల సంతకం చూడకు, ఏది వచ్చినా లోపలికి తీసుకో అని సిస్టమ్‌కు చెప్పడం. లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను.

మా వాడు బీటెక్ రెండో ఏడు. సెక్యూరిటీ లైన్‌లోనే పోవాలని పట్టుదల, అందుకే కాలీ లినక్స్ వేసుకున్నాడు. అది 2013లో బ్యాక్‌ట్రాక్ అనే పాత సిస్టమ్ స్థానంలో వచ్చింది, డెబియన్ అనే ఇంకో లినక్స్ మీద కట్టింది. సెక్యూరిటీ నేర్చుకునేందుకు వేసుకున్న సిస్టమ్‌లో మొట్టమొదటి తాళమే తీసి పడేస్తానంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

వాడికి అర్థం కావాలని వాళ్ల తాత సంగతే ఎత్తాను. మా నాయిన చండూరు దగ్గర పత్తి వేస్తాడు. ఒక ఏడు తెలిసినాయనే కదా అని బిల్లు లేకుండా, లేబుల్ లేకుండా విత్తనం తెచ్చాడు. సగం కూడా మొలవలేదు. అడుగుదామంటే చేతిలో కాగితం లేదు. అప్పటి నుంచి ప్యాకెట్ మీద లాట్ నంబరు, గడువు తేదీ చదవనిదే పైసలు ఇవ్వడు. పత్తి ఏరేదాకా ఖాళీ ప్యాకెట్, బిల్లు ట్రంకు పెట్టెలోనే ఉంటాయి.

కాలీలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దించి వేసే ప్రోగ్రామ్ పేరు ఆప్ట్, అది చేసేదీ ఆ పనే. కాలీ సర్వర్‌లో 'ఇన్‌రిలీజ్' అనే ఒక ఫైల్ ఉంటుంది, దాని మీద కాలీ వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో ప్యాకేజీల జాబితా ఫైళ్ల హ్యాష్‌లు, అంటే ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కకట్టిన గుర్తులు, ఉంటాయి. ఆ జాబితాలో ఒక్కో ప్యాకేజీకి దాని హ్యాష్ ఉంటుంది. పై సంతకం సరిపోతేనే జాబితాను నమ్ముతుంది, జాబితాతో సరిపోతేనే ప్యాకేజీని విప్పుతుంది. దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ మారిపోయి దొరికిపోతుంది. అందుకే మనకు ప్యాకేజీ ఏ మిర్రర్ సర్వర్ నుంచి, అంటే నకలు ఉంచే సర్వర్ నుంచి, వచ్చినా భయం లేదు. అంగడి ఏదైనా కావచ్చు, సీలు మాత్రం కంపెనీది కావాలి. ప్యాకెట్ మీద సీలునైతే దొంగ ప్రింట్ కొట్టొచ్చు గానీ, సంతకం చేసే రహస్య కీ, అంటే ప్రైవేట్ కీ, చేతిలో లేకుండా ఈ సంతకాన్ని కొట్టలేరు.

మరి అప్‌డేట్ ఎందుకు ఆగింది? కాలీ వాళ్లే ఏప్రిల్ చివర్లో రాశారు: పాత కీ తమ చేతుల్లో లేకుండా పోయింది, ఇంకొకరికి చిక్కలేదు గానీ దాంతో సంతకం చేసే వీలు తమకు లేదు. అందుకే ఏప్రిల్ 18 నుంచి కొన్నాళ్లు రిపాజిటరీని, అంటే ప్యాకేజీలు ఉంచే చోటును, ఆపి, కొత్త కీ తయారు చేసుకున్నారు. మా వాడి లాప్‌టాప్‌కు ఆ కొత్త కీ తెలియదు. తెలియని సంతకం కనపడితే ఆగింది. అది దాని తప్పు కాదు, దాని డ్యూటీ.

కీ ఫైల్‌ను ఆర్కైవ్ డాట్ కాలీ డాట్ ఆర్గ్ నుంచి దించి, యూఎస్ఆర్, షేర్, కీరింగ్స్ ఫోల్డర్‌లో పాత ఫైల్ స్థానంలో పెట్టించాను. అప్‌డేట్ కొట్టబోతుంటే ఆగమన్నాను. కీలను చూపించే జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో ఆ ఫైల్ తెరిపిస్తే రెండు కీలు కనపడ్డాయి, ఒకటి 2012 నాటిది, ఒకటి 2025 నాటిది. నా ఫోన్‌లో, నా డేటా మీద కాలీ వాళ్ల పేజీ తెరిచి కొత్త కీ ఫింగర్‌ప్రింట్, అంటే ఆ కీని గుర్తుపట్టే నంబరు, ముందు పెట్టుకున్నాను. మొత్తం నలభై అక్షరాలు. వాడు స్క్రీన్ మీద వేలు పెట్టి నాలుగు నాలుగు చొప్పున చదువుతుంటే నేను ఫోన్‌లో చూసుకుంటూ పోయాను. "ఎనిమిది, రెండు, ఏడు, సీ." ఊ. "ఎనిమిది, ఐదు, ఆరు, తొమ్మిది." ఊ. మధ్యలో ఒకాయన రీఛార్జ్ కోసం వస్తే రెండు నిమిషాలు ఉండమన్నాను. చివరి నాలుగు, "ఈ, నాలుగు, సీ, ఐదు". సరిపోయింది. అప్పుడు కొట్టమన్నాను. ఎర్రర్ రాలేదు.

కూర్చున్నాడు కదా అని ప్యాకేజీ ఎట్లా వెతకాలో కూడా చూపించాను. కావలసిన కమాండ్‌కు, దాని ప్యాకేజీకి ఒకే పేరు ఉండాలని లేదు. 'ఐఎఫ్‌కాన్ఫిగ్' కావాలంటే 'నెట్-టూల్స్' వేయాలి, 'డిగ్' అయితే 'బైండ్9-డీఎన్ఎస్‌యుటిల్స్'లో ఉంటుంది. పేరు తెలియకపోతే ఆప్ట్ సెర్చ్, దొరికాక దాని వివరాలకు ఆప్ట్ షో, అది ఏ రిపాజిటరీ నుంచి వస్తుందో చూడాలంటే ఆప్ట్ పాలసీ. "తెలుగు అని కొట్టి చూడు" అన్నాను. 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' కనపడింది, అందులో పోతన 2000, వేమన 2000 ఫాంట్లు ఉంటాయి. వాడి ముఖం వెలిగిపోయింది. కాలీలో మన అక్షరాలు కూడా ఉంటాయని వాడు అనుకోలేదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాను, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ అది. కొన్నేళ్ల కింద ఒక్క టూల్ కోసం ఇంకో లినక్స్ రిపాజిటరీని నా కాలీలో కలిపాను. ఇన్‌స్టాల్ కొట్టగానే ఏవేవి తీసేస్తానో ఆప్ట్ పెద్ద జాబితా చూపించింది. నేను చదవకుండా వై నొక్కాను. రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ లేదు, నల్ల స్క్రీన్ మీద లాగిన్ ఒక్కటే ఉంది. తెల్లవార్లూ కూర్చుని ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని మళ్లీ మొదటి నుంచి వేసుకున్నాను. ఏం వేస్తుందో కాదు, ఏం తీసేస్తుందో ముందు చదువు అని ఇప్పుడు ఎవరికైనా చెప్తాను. పైథాన్ టూల్స్ అయితే పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్ బదులు, దేనికది విడిగా వేసే పిప్‌ఎక్స్‌తో వేసుకుంటే సిస్టమ్ జోలికి పోవు.

ఫుల్ అప్‌గ్రేడ్ అయ్యేసరికి వాడి హాట్‌స్పాట్ డేటా అయిపోయింది, మిగతాది షాపు వైఫై మీద నడిపించాం. సాయంత్రం పోయే ముందు వాడు గ్రూప్ తెరిచి, ఆ లైన్ వేయొద్దని, కీ ఎట్లా మార్చుకోవాలో, ఫింగర్‌ప్రింట్ ఎక్కడ చూసుకోవాలో వరుసగా రాశాడు. "మామా, ఒకసారి చదువు, తప్పులు ఉన్నాయేమో" అని ఫోన్ నా చేతికిచ్చాడు. ఫోల్డర్ పేరులో ఒక అక్షరం పోయింది. దిద్ది ఇచ్చాను.