శాలిహుండం తార, జీరంగ్ తార

మా చిన్నాన్నది పర్లాకిమిడి. హిందీ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు వాళ్ల ముందుగదిలో ఫ్రేం కట్టి ఉంటాయి. బుద్ధుడంటే ఆయనకి ప్రాణం. మంత్రం, తంత్రం అంటే మాత్రం మంట. చంద్రగిరి దగ్గర టిబెటన్ల ఆరామం చూద్దాం రండి అంటే, "ముందు శాలిహుండం చూడమ్మా, ధమ్మం ఎక్కడ దారి తప్పిందో అక్కడ తెలుస్తాది" అన్నారు. సరే, అలాగే అక్కణ్ణించే మొదలుపెట్టాం.

శాలిహుండం వంశధారకి దక్షిణపు ఒడ్డున కొండ మీద ఉంది. నది సముద్రంలో కలిసే కళింగపట్నం అక్కడికి దగ్గరే. 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. కొండెక్కుతుంటే ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు వరసగా వస్తాయి. ఎక్కువ చోట్ల విగ్రహం లేదు, స్తూపమే ఆరాధన. తర్వాతి కాలపు విగ్రహాల్లో బౌద్ధ దేవతలు తార, మారీచి ఉన్నారు. బడిలో మనకి చెప్పిన వరస ఇదే: మొదట హీనయానం, తర్వాత మహాయానం, ఆఖరున మంత్రతంత్రాల వజ్రయానం, అంతటితో పతనం. చిన్నాన్న చూపించదలచుకున్నదీ ఇదే. తార ముందు ఆయన నిలబడనైనా లేదు.

నాకు ఆ వరస మీద చాలాకాలంగా నమ్మకం లేదు. మన నాగార్జునకొండనే చూడండి. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో, ఆ ఒక్క లోయలో అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళం నుంచి వచ్చిన థేరవాదులు ఎవరి విహారాల్లో వాళ్లు ఉన్నారు. శాసనాల్లో ఆ పేర్లన్నీ ఉన్నాయి. పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక శాఖలని కలిపి సింహళ వ్యాఖ్యానాలు అంధకులు, అంటే ఆంధ్రదేశపువాళ్లు అన్నాయి. బుద్ధుడి తర్వాత నూరేళ్లకి వైశాలిలో రెండో సంగీతి, అంటే భిక్షువుల మహాసభ జరిగింది. ఆ కాలంలోనే సంఘం స్థవిరులుగా, మహాసాంఘికులుగా చీలిందని సంప్రదాయం చెబుతుంది. అక్కణ్ణించి 18 శాఖలయ్యాయంటారు. అంత చీలినా పక్కపక్క విహారాల్లో బతికారు. ఒకటి పోయాకే మరొకటి వచ్చిందన్న కథ ఆ లోయకి అతకదు.

ఆ రాత్రి పర్లాకిమిడిలోనే పడుకున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్లిన ఊరిది. ఇప్పటికీ బజార్లో బేరం తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది. గిడుగువారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాచకాలు రాసిందీ ఇక్కడ ఉన్నప్పుడే. మర్నాడు కారు మాట్లాడుకుని ఆర్. ఉదయగిరి, మోహనా మీదుగా కొండల్లోకి వెళ్లాం. దారంతా సవర ఊళ్లు. చంద్రగిరి దాటేసరికి మొక్కజొన్న చేల మధ్య ఐదు రంగుల జెండాలు కనిపించాయి.

చైనా ఆక్రమణ తర్వాత దేశం విడిచి వచ్చిన టిబెటన్లకి 1963లో ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. ఆ స్థావరం పేరు ఫుంట్సోక్‌లింగ్. జీరంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. బంగారు రంగు కప్పులు పచ్చటి కొండల మధ్య మైళ్ల దూరానికి మెరుస్తాయి. ఆవరణ బయట టీ దుకాణంలో ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "అక్కా, వైజాగా?" అని తెలుగులో అడిగింది. చలికాలం నాలుగు నెలలూ మన ఊళ్లలో స్వెట్టర్లు అమ్ముతుందట, తెలుగు అలా వచ్చింది. ఆవిడ చేతిలో జపమాల ఆగకుండా తిరుగుతోంది. ఏం జపిస్తున్నారని అడిగాను. "తార అమ్మ" అని చెప్పి, మెల్లగా పలికింది: ఓం తారే తుత్తారే తురే స్వాహా.

నిన్న రాతిలో చూసిన దేవత పేరు, ఈరోజు ఒక మనిషి నోట విన్నాను. శాలిహుండంలో పిలిచేవాళ్లు లేకుండా పోయిన తారని ఇక్కడ పొద్దున్నే పిలుస్తున్నారు. ఆ సంగతికి నా గుండె నిండిపోయింది. చిన్నాన్న ఏమీ అనలేదుగానీ, ఆవిడకి రెండు చేతులూ జోడించారు.

లోపల మందిరంలో ఎత్తయిన బుద్ధ విగ్రహం. పద్మసంభవుడి విగ్రహానికి కుడిచేతిలో వజ్రమనే పూజా సాధనం, ఎడమచేతిలో కపాల పాత్ర. ఎనిమిదో శతాబ్దంలో టిబెట్ రాజు త్రిసోంగ్ దెత్సెన్ ముందుగా పిలిపించుకున్నది నలందా పండితుడు శాంతరక్షితుణ్ణి, ఆ తర్వాత పద్మసంభవుణ్ణి. సామ్యే దగ్గర మొదటి ఆరామం కట్టి, తొలిసారిగా ఏడుగురు టిబెటన్లకి భిక్షు దీక్ష ఇచ్చారు. పద్మసంభవుడి పుట్టిన చోటుగా చెప్పే ఒడ్డియాణం ఇప్పటి పాకిస్తాన్లోని స్వాత్ లోయ అని చాలామంది పండితులంటే, మా ఒడిశాయేనని ఇక్కడివాళ్లంటారు. ఆ వాదన తేలే దాకా ఆగక్కర్లేదు, ఆయన పేరున వచ్చిన న్యింగ్మా సంప్రదాయం ఎదురుగానే ఉంది.

ఒక యువ భిక్షువు మాతో కూర్చున్నారు. ఈ స్థావరంలోనే పుట్టారు, హిందీ బాగా మాట్లాడతారు. చిన్నాన్న సూటిగా అడిగేశారు: "భంతే, మీది వజ్రయానం కదా. బుద్ధుడు పెట్టిన నియమాలు మీరు పాటిస్తారా?" ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "భిక్షువుకి మొదటిది అదే" అన్నారు.

ఆయన చెప్పినది నేను పుస్తకాల్లో ముక్కలుగా చదివినదే. అక్కడ ఒక మనిషిలో కలిసి కనిపించింది. టిబెటన్ భిక్షువులు పాటించే వినయం, అంటే సంఘ నియమావళి, మూలసర్వాస్తివాదులది, ప్రాచీన శాఖల్లో ఒకటి. భిక్షువుకి 253 నియమాలు. శ్రీలంక, బర్మా, థాయిలాండ్‌లలోని థేరవాద భిక్షువులకి 227. చైనా, కొరియా, వియత్నాంలలో ధర్మగుప్తకుల వినయం, 250. లెక్కలు వేరుగానీ అవన్నీ తొలి సంఘం నుంచి దిగివచ్చిన కొమ్మలే. ఎవరికీ హాని చెయ్యనని ఈ నియమాల దీక్షతో, అంటే ప్రాతిమోక్ష సంవరంతో మొదలు. దాని మీద బోధిసత్త్వ వ్రతం: నా ఒక్కడి ముక్తి చాలదు, సమస్త ప్రాణుల కోసం బుద్ధత్వం సాధిస్తానని. ఆ పైన తాంత్రిక సమయం, అంటే తంత్ర ప్రతిజ్ఞ: ఈ మనస్సు స్వభావం ఇప్పుడే శుద్ధమైనదని గురువు సమక్షంలో గుర్తించి, ఆ చూపుని నిలుపుకుంటానని. మూడూ ఒకే మనిషివి. పైది పుచ్చుకున్నాక కిందిది వదిలెయ్యడానికి లేదు.

న్యింగ్మా వాళ్లు మార్గాలని తొమ్మిది యానాలుగా లెక్కిస్తారు. మొదటిది శ్రావకయానం, బుద్ధుడి మాట విని నడిచినవాళ్లది. తర్వాత ప్రత్యేకబుద్ధ, బోధిసత్త్వ యానాలు. ఆపైన మూడు బాహ్య తంత్రాలు, మూడు అంతర తంత్రాలు, వాటిలో ఆఖరిది అతియోగం. మనం హీనయానమని తోసేసినది వాళ్ల లెక్కలో మొదటి మెట్టుగా ఇంకా ఉంది. హీనమన్న ఆ పేరు ఎదుటివాళ్లు పెట్టింది, దాన్ని మన పుస్తకాల్లోంచి తీసెయ్యాలని నా అభిప్రాయం.

భిక్షువు వజ్రం, ఘంట తెచ్చి చూపించారు. వజ్రం కరుణకి గుర్తు, ఘంట శూన్యతని, అంటే ఏదీ దానంతటదిగా లేదన్న సంగతిని చూసే ప్రజ్ఞకి. రెండూ కలిపి పట్టుకోవాలి. ఆ శూన్యత ఎవరిదని అడిగితే "నాగార్జునుడిది, మీ దక్షిణాది ఆయనదే" అని నవ్వారు. న్యింగ్మా చదువులో ప్రాతిమోక్ష సూత్రమూ ఉంది, నాగార్జునుడి మూలమధ్యమకకారికా ఉంది. తంత్రం దారిలోకి వెళ్లేవాడు శీలాన్నీ తర్కాన్నీ పక్కన పెట్టి వెళ్లడు.

చిన్నాన్న ఒప్పేసుకున్నారని అనుకోకండి. బయటకి వచ్చాక, "శీలం ఉంది, చదువుంది, బాగానే ఉంది. మరి పేదోడి బతుకేటి? బాబాసాహెబ్‌కి కావలసింది సమానత్వం. దీపాలూ దేవతలూ కాదు" అన్నారు. ఆ మాట చిన్నది కాదు. అంబేడ్కర్ చూపిన కొత్త బౌద్ధ మార్గం, నవయానం ప్రశ్నే అది. దుఃఖానికి కారణం మనసులో ఉన్నట్టే సంఘంలోనూ ఉందని అంబేడ్కర్ పట్టుబట్టారు. పునర్జన్మని, కర్మని మామూలుగా చెప్పుకునే తీరుని ఆయన ఒప్పుకోలేదు. జీరంగ్ ఆరామంలో పునర్జన్మ లేకుండా ఏ దారీ నిలవదు. ఈ తేడాని మాటలతో పూడ్చడం నాకు ఇష్టం లేదు. అయితే నాగపూర్‌లో అంబేడ్కర్‌కి త్రిశరణాలు, పంచశీలాలు ఇచ్చింది కుశీనగరంలో ఉండే బర్మా భిక్షువు చంద్రమణి మహాథేరో, థేరవాది. కొత్త దారి కూడా పాత సంఘం గడప మీంచే వచ్చింది. అది చెబితే చిన్నాన్న కాసేపు ఆలోచించి, "అది నిజమే" అన్నారు.

టిబెట్ బౌద్ధంలోని మిగతా కగ్యు, సాక్య, గెలుగ్ శాఖల గురించి, చైనా జపాన్‌లలో అమితాభుడి నామం పట్టుకున్నవాళ్ల గురించి, జెన్ గురించి అడగడానికి పొద్దు చాలలేదు. తప్తపాని వేడినీటి బుగ్గ దగ్గర కాళ్లు కడుక్కుని బరంపురం చేరాం.

మర్నాడు జౌగడ. పురుషోత్తంపూర్ దగ్గర, రుషికుల్య నదికి చేరువలో చతురస్రాకారపు మట్టికోట, అందులో రాతిగుండు మీద అశోకుడి శాసనాలు. అప్పుడు ఆ పట్టణం పేరు సమాప. భువనేశ్వర్ దగ్గరి ధౌలీలో లాగే ఇక్కడా అశోకుడి పద్నాలుగు శాసనాల్లో 11, 12, 13 లేవు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, అందుకు కుమిలిపోయానని చెప్పే పదమూడో దాన్ని కళింగంలోనే చెక్కించలేదు. వాటికి బదులు అధికారులకి వేరే ఆజ్ఞలు: మనుషులంతా నా బిడ్డలు. తిష్య నక్షత్రం రోజున ఈ ఆజ్ఞని చదివి వినిపించాలని, ఒక్కడున్నా సరే వినాలని కూడా ఉంది.

లేని వాటిల్లో నాకు ఎక్కువ కావలసింది పన్నెండోది. తన మతం మీది మోజుతో దాన్ని పొగిడి ఎదుటివాళ్లది తెగడేవాడు తన మతానికే ఎక్కువ చేటు చేస్తాడని అందులో అన్నాడు. రెండు రోజులుగా మేం వాదించుకుంటున్నది అదే కదా అన్నాను. అది ఎక్కడుందని చిన్నాన్న అడిగారు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో పద్నాలుగూ ఉన్నాయని చెప్పాను.

"ఐతే బరంపురంలో రైలు టైములు చూడమ్మా" అన్నారు.