అత్తయ్య ట్యాబ్‌లో ఇరుక్కున్న ముగ్గులు

మా అత్తయ్యది అంబాజీపేట. నెలగంట పెట్టిన రోజు నుంచి ముక్కనుమ దాకా వాకిట్లో రోజుకో ముగ్గు వేస్తారు. మధ్యాహ్నం అయ్యేసరికి బళ్లూ కోళ్లూ కలిసి దాన్ని చెరిపేస్తాయి. అందుకని చెయ్యి కడుక్కోగానే ట్యాబ్ తెచ్చి, అరుగెక్కి ఫొటో తీసుకుంటారు. 21 చుక్కలు, 11 దాకా, సందు చుక్క అని లెక్క మాత్రం నోట్‌బుక్కులో రాసుకుంటారు. పూర్తయిన ముగ్గు ఎలా ఉందో ట్యాబ్‌లో చూడాల్సిందే.

దసరా సెలవులకి వచ్చిన మా ఆడపడుచు కూతురు ఆ ట్యాబ్‌కి కొత్త పిన్ పెట్టి బెంగళూరు వెళ్లిపోయింది. ఫోన్ చేసి అడిగితే, "రోల్ నంబర్ పెట్టా అత్తా" అంది. ఈ ఏడాదిదా, పోయినేడాదిదా అంటే గుర్తులేదంది. రెండూ కాదు. అయిదుసార్లు తప్పు కొడితే 30 సెకన్లు ఆగమంటుంది, ఆ తర్వాత ఆగాల్సిన సమయం పెరుగుతూ పోతుంది. కొన్ని ట్యాబ్‌లలో ఆటో ఫ్యాక్టరీ రీసెట్ ఆన్ చేసి ఉంటే, తప్పులు ఓ హద్దు దాటగానే మొత్తం తుడిచిపెట్టేస్తుంది కూడా. ఇంక ఎవరూ పిన్ ముట్టుకోవద్దని చెప్పేశాను.

అమలాపురంలో ఒక షాపతను చూసి, అయిదొందలకి లాక్ తీసేస్తానన్నాడు. ఫొటోలు ఉంటాయా అని అడిగాను. "అవెలా ఉంటాయి మేడమ్, రీసెట్ కొట్టాలి కదా" అన్నాడు. అడిగితే చెప్పాడు, అడక్కపోతే చెప్పేవాడు కాదేమో. యూట్యూబ్ వీడియోలు ఇంకా దారుణం. తప్పు ప్యాటర్న్ గీస్తే జీమెయిల్‌తో తెరుచుకుంటుంది అని చూపించేవన్నీ ఆండ్రాయిడ్ 4.4 కాలం నాటివి. 5 నుంచి ఆ దారి లేదు. ఇక 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటి నుంచి, ఆ వెర్షన్‌తోనో తర్వాతి వాటితోనో మార్కెట్‌లోకి వచ్చే పరికరాల్లో లోపలి స్టోరేజ్‌లోని ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, అంటే రహస్య లిపిలోకి మారి తాళం పడి ఉంటాయి. ఆ తాళం తెరవడానికి మన పిన్ కూడా కావాలి. లోపలి చిప్ ఊడదీసి ఇంకో దానికి తగిలించినా పిచ్చి అక్షరాలే తప్ప ముగ్గు కనిపించదు. కంప్యూటర్‌కి కేబుల్ పెడితే ఖాళీ ఫోల్డర్ చూపించింది. "పీసీ సాఫ్ట్‌వేర్‌తో డేటా పోకుండా అన్‌లాక్" అని డబ్బులడిగే సైట్ల జోలికి నేను పోలేదు.

ఈలోగా మా ఆయన, "ఒకసారి ఆపి ఆన్ చేద్దాం, సెట్ అవుతుందేమో" అంటూ పవర్ బటన్ మీద వేలు పెట్టారు. దాదాపు అరిచాను. ఆన్ చేశాక ఒక్కసారి పిన్ కొట్టి తెరిచిన ట్యాబ్‌లో, మళ్లీ ఆపేదాకా లోపలి యాప్‌లు పనిచేస్తూనే ఉంటాయి. పైన లాక్ పడి ఉన్నా సరే, వైఫై ఉంటుంది, ఫొటోల బ్యాకప్ నడుస్తుంది. ఆపి ఆన్ చేశామా, పిన్ కొట్టేదాకా ఆ ఫైళ్లు యాప్‌లకి కూడా తెరుచుకోవు. వెంటనే చార్జర్ పెట్టి, రౌటర్ పక్కనే టీవీ స్టాండ్ మీద పడుకోబెట్టాను.

తర్వాతి ప్రశ్న, అది ఎవరి అకౌంట్ అని. మామయ్యగారు బతికుండగా ఆయన పేరుతో తెరిచిన జీమెయిల్. పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. ఓటీపీ వెళ్లేది ఆయన నంబరుకే. అయితే గ్యాస్ బుకింగ్ ఆ నంబరు మీదే ఉందని అత్తయ్య దానికి రీచార్జ్ ఆపలేదు. సిమ్ పాత కీప్యాడ్ ఫోన్‌లో ఉంది. ఓటీపీ టకీమని వచ్చింది, పాస్‌వర్డ్ మార్చాం. గ్యాస్ సిలిండర్ చేసిన మేలు ఇది. రెండేళ్లు ఎవరూ వాడని అకౌంట్లని గూగుల్ తీసేయొచ్చు కాబట్టి, ఆవిడ రోజూ ఆ ట్యాబ్‌లో భక్తి వీడియోలు చూడటం కూడా మంచిదే అయింది.

నా లాప్‌టాప్‌లో గూగుల్ ఫొటోస్ తెరిస్తే పాత ధనుర్మాసాల ముగ్గులన్నీ బారులు తీరి ఉన్నాయి. కానీ చివరి రెండు సంక్రాంతులవి లేవు. 2021 జూన్ 1 నుంచి అప్‌లోడ్ చేసే ఫొటోలు కూడా ఉచిత 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి. పెళ్లిళ్ల వీడియోలతో అది నిండిపోయి బ్యాకప్ ఆగిపోయింది. "స్టోరేజ్ ఫుల్ అని వస్తూనే ఉండేది, కంపెనీ వాళ్ల ప్రచారం అనుకున్నానమ్మాయ్" అన్నారు అత్తయ్య. నిజానికి అందులో ప్రచారం కూడా ఉంది లెండి.

అప్పుడు తట్టింది. ట్యాబ్ లాక్ అయి ఉన్నా అకౌంట్ నా చేతిలో ఉంది కదా. అక్కడ చోటు ఇస్తే, ఆగిన బ్యాకప్ తనంతట తను మొదలవ్వాలి. నెలకి 130 రూపాయల 100 జీబీ ప్లాన్ తీసుకున్నాను. రాత్రి భోజనాల దాకా ఏమీ లేదు. పొద్దున్న లేచి చూస్తే, తాళం వేసిన ట్యాబ్ నుంచి ముగ్గులు ఒక్కొక్కటీ లాప్‌టాప్‌లోకి దిగుతున్నాయి! కనుమ నాటి రథం ముగ్గు రాగానే అత్తయ్య, "పగ్గం వంకర పోయింది చూడు" అన్నారు. ఇంత టెన్షన్ పడి తెప్పిస్తే ఆవిడకి కనిపించింది అదీ.

మెమరీ కార్డు మాత్రం అన్నీ వచ్చాకే తీశాను, ముందే కదిపి ఏదన్నా తేడా చేయడం ఎందుకని. కార్డుని ఇంటర్నల్ స్టోరేజ్‌గా కలిపేసి ఉంటే ఇంకో చోట చదవడం కుదిరేది కాదు. ఇది మామూలుగానే ఉంది. రీడర్‌లో పెడితే మామయ్యగారు కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో తీసిన ప్రభల (దేవుళ్లని ఊరేగించే ఎత్తైన అలంకరణ చట్రాల) ఫొటోలు దొరికాయి. ప్రభలు సగమే ఉన్నాయి, జనం తలకాయలు నిండుగా ఉన్నాయి.

రానివి కూడా ఉన్నాయి. కెమెరా ఫోల్డర్ దానంతటదే బ్యాకప్ అవుతుంది కానీ, వాట్సాప్ ఫొటోల ఫోల్డర్‌ని మనం విడిగా ఆన్ చేయాలి. చిన్నత్తయ్య రాజోలు నుంచి పంపిన ముగ్గులు అలా పోయాయి. ఆవిడ ఫోన్‌లో అసలువి ఉన్నాయి కాబట్టి, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించమన్నాను. ఫొటోగా పంపితే సైజు తగ్గడమే కాదు, తీసిన తేదీ కూడా పోతుంది. ఏ ముగ్గు ఏ ఏడాదిదో తేల్చుకోలేక అక్కాచెల్లెళ్లిద్దరూ ఫోన్‌లో వాదించుకోవడం ఇప్పటికే ఒకసారి విన్నాను.

అన్నీ నా హార్డ్ డిస్క్‌లోకి దింపుకున్నాక ట్యాబ్‌ని రీసెట్ చేశాం. రీసెట్ అయ్యాక కూడా పాత అకౌంట్ అడుగుతుంది. దొంగలకి పనికిరాకుండా ఆండ్రాయిడ్ 5.1 నుంచి పెట్టిన ఏర్పాటు అది. పాస్‌వర్డ్ మార్చుకోకుండా షాపతనికి ఇచ్చి ఉంటే ఇక్కడ మళ్లీ ఆగిపోయేవాళ్లం. ఈసారి పిన్ అత్తయ్యే పెట్టుకున్నారు. మనవరాలికే కాదు, నాకూ చెప్పనన్నారు. గ్యాస్ పుస్తకం వెనక పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. ఆ పుస్తకం ఫ్రిజ్ మీద ఉంటుంది.